మరిగే నీళ్ళలో తెరుచుకోనిది

మార్చి 2

బావగారికి నమస్కారాలు.

మీరు కులాసా అని తలుస్తాను. నేనూ కులాసాయే, కుడి మోకాలు మినహా.

మీ ఊరికీ మా కొండకీ మధ్య తిరిగే పార్సిల్ వ్యాను డ్రైవరు మొన్న కనిపించి, మీరు ఈ నెలాఖరుకి మెకానిక్కు షెడ్డు మూసేస్తున్నారని చెప్పాడు. పదకొండేళ్ళ తర్వాత మీకు ఉత్తరం రాయడానికి కారణం అది కాదు. కారణం మిడత.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని నుంచి పోయిన ఏడాది నన్ను ఇంటికి పంపేశారు. ఇంట్లో దిద్దడానికి ఏమీ లేదు. అందుకని, ఆ ప్రయాణం తర్వాత టార్పాలిను కప్పి పడేసిన నా పాత కారుని, మిడతని, కిందటి నెల బయటికి లాగాను. టైర్లు మార్చాను, రబ్బరు గొట్టాలు మార్చాను. ఆకుపచ్చ రంగు అక్కడక్కడా పెచ్చులూడింది గాని, అక్కయ్య దానికి పెట్టిన పేరుకి ఇప్పటికీ తగ్గట్టే ఉంది. ఇక మిగిలింది థర్మోస్టాట్ ఒక్కటే. ఇంజనులో ఉన్నది తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

ఇక్కడి కొట్లో రెండు రకాలున్నాయి. ఒకదాని మీద 95 అని అచ్చు వేసి ఉంది. కంపెనీ వాళ్ళు మొదట పెట్టినది అదే. రెండోదాని మీద 71. దాని పెట్టె మీద 'స్పోర్ట్స్ కార్లకు, తక్కువ వేడిలోనే తెరుచుకొనును' అని ఉంది. ఇక్కడి మెకానిక్కు 71 వెయ్యమంటున్నాడు. ఇంజను ఎప్పుడూ చల్లగా ఉంటుందట.

ఏది కొనాలో ఒక్క ముక్కలో రాయగలరు. ఇతర విషయాలేమీ లేవు.

ఇట్లు,
మీ బావమరిది (ఆ వరస ఇంకా చెల్లుతుందనుకుంటే)


మార్చి 7

ఒరే బావమరిదీ,

'గారు'ట, 'మీరు'ట! కవరు విప్పి చదువుతుంటే కరెంటాఫీసు వాళ్ళు నోటీసు పంపారేమో అనుకున్నాను. కింద నీ దస్తూరీ చూశాక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ కుర్చీకి మూడు కాళ్ళే. నాలుగో కాలు కింద రెండు బేరింగులు పెట్టాను.

ఒక్క ముక్కలో రాయమన్నావు. నా సంగతి తెలిసి అడిగావంటే నీకు మతిమరుపన్నా వచ్చి ఉండాలి, వెటకారమన్నా చేస్తూ ఉండాలి.

నేను పన్నెండో ఏట సినిమాహాల్లో సోడాలమ్మేవాణ్ణి. అక్కడ గేటు కీపరు ఒకడు, మీసాలు తప్ప ఒంట్లో ఇంకేమీ లేని మనిషి. ఆట అయ్యాక తలుపులు తీసేవాడు. జనం ఇరుకు సందులోంచి తోసుకుంటూ బయటపడేవాళ్ళు. కొత్తగా వచ్చిన మేనేజరుకి ఒక ఆలోచన తట్టింది. "ఇకనుంచి ఆట అవకముందే పది నిమిషాల ముందు తలుపులు తియ్యి, తోపులాట ఉండదు" అన్నాడు. గేటు కీపరు మీసం దువ్వుకుని, "తీస్తానండీ. మరి సందు వెడల్పు చేసేదెవరండీ?" అన్నాడు. మర్నాటి నుంచి తోపులాట పది నిమిషాల ముందే మొదలైంది. అంతకు మించి మారిందేమీ లేదు.

ఇంజనులో కాగిన నీళ్ళని బయటికి వదిలే థర్మోస్టాట్ ఆ గేటు కీపరే. ఆ నీళ్ళు పోయి చల్లబడే రేడియేటర్ ఆ సందు. 71 పెడితే డెబ్భై ఒక్క డిగ్రీలకే, అంటే ముందే, తలుపు తెరుచుకుంటుంది, అంతే. ఎత్తు ఎక్కేటప్పుడు రెండు తలుపులూ బార్లా తెరిచే ఉంటాయి. అప్పుడిక 95 అయితే ఏమిటి, 71 అయితే ఏమిటి? చల్లబరచాల్సింది రేడియేటరే. పందేల్లో తోలేవాళ్ళ లెక్క వేరు. మామూలు రోడ్డు మీద 71 పెడితే ఇంజను ఎప్పటికీ సరిగ్గా కాగదు, పెట్రోలు పూర్తిగా మండదు, ఆయిల్లో చేరిన తడి ఆరదు. చలికి వణుకుతున్నవాడి చేత పరుగు తీయించినట్టుంటుంది.

అందుకని 95 కొను. బిగించే ముందు పరీక్ష చెయ్యి. నా సూత్రం నీకు తెలిసిందే. గిన్నెలో నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌ని దారం కట్టి వేలాడదియ్యి. నీళ్ళు తెర్లి ఐదు నిమిషాలైనా నోరు తెరవలేదంటే అది చచ్చిందన్నమాట. పారెయ్యి. నలభై ఏళ్ళలో ఈ సూత్రం నన్నెప్పుడూ మోసం చెయ్యలేదు.

షెడ్డు మూసే మాట నిజమే. ముప్పై ఒకటిన తాళం ఇచ్చేస్తున్నాను. ఒక దర్జీ తీసుకున్నాడు. రోజూ టేపు పట్టుకొచ్చి గోడలకి కొలతలు తీస్తున్నాడు, వాటికి చొక్కా కుట్టేలా ఉన్నాడు. బళ్ళ కిందికి దిగి పనిచేసే గొయ్యి మీద చెక్కపలకలు వేసి కుట్టుమిషన్లు పెడతాడట. నాకు కుడి కన్ను ఆపరేషన్ అయింది, ఎడమది కావాలి. స్పానరు మీద అంకె కనబడక వేలితో తడిమి చూసుకుంటున్నాను. ఇక చాలురా, ఓపిక లేదు.

ముప్పై ఒకటి అని ఊరికే రాశాను. దానికీ మిడతకీ ఏమీ సంబంధం లేదు.

నీ బావ


మార్చి 12

బావగారికి,

మీ ఉత్తరం అందింది. మీరు రాసింది రాసినట్టు చేశాను. రాసింది రాసినట్టు చూడటమే నేను జీవితమంతా చేసిన పని.

95 కొన్నాను. దారం కట్టాను. నీళ్ళు తెర్లాయి. ఐదు నిమిషాలు కాదు, పది నిమిషాలు చూశాను. మూసిన నోరు మూసినట్టే ఉంది. కొట్టుకి వెళ్ళి మార్చుకొచ్చాను. రెండోదీ అంతే. అదే గిన్నెలో 71 వేస్తే, నీళ్ళు ఇంకా సరిగ్గా కాగకముందే తెరుచుకుంది.

ఇది నాకు కొత్త కాదు. పదకొండేళ్ళ కిందట అక్కయ్యకి ఒంట్లో బాగాలేదని, "మిడతలో రా, ఒక్కసారి ఎక్కి తిరుగుతాను" అందని మీరు కబురు పెట్టారు. మిడతకి థర్మోస్టాట్ పోయిందని నేను రాస్తే, మీరు 95వి మూడు పంపి, పరీక్ష చేసి వేసుకోమన్నారు. మూడూ మరిగించాను. మూడూ తెరుచుకోలేదు. మూడూ మీరు చెప్పినట్టే పారేశాను. మీ షెడ్డు అరల్లో మూలపడిన చచ్చు సరుకు ఇంట్లోవాణ్ణి గదా అని నాకు అంటగట్టారని అప్పుడే అర్థమైంది. కొట్లో దొరికిన 71 వేసుకుని బయల్దేరాను. తర్వాత జరిగింది మీకు తెలుసు. మా కొండ దిగి నది దాటాక మళ్ళీ ఎక్కే ఎత్తులో మిడత ఆవిరి కక్కింది. చల్లారేదాకా కల్వర్టు మీద కూర్చున్నాను. ఎక్కించాను, మళ్ళీ కాగింది, మళ్ళీ కూర్చున్నాను. నేను గుమ్మం తొక్కేసరికి రెండు గంటలు ఆలస్యమైంది.

నిజం చెప్పాలంటే, షెడ్డు మూసేలోగా మిడతని ఒక్కసారి మీ గొయ్యి మీద నిలబెడదామనే మొదటి ఉత్తరం రాశాను. ఆ కొట్టువాడి దగ్గర కూడా మీరు చెప్పిన సరుకే చచ్చుదని తేలాక ఉత్సాహం పోయింది. మళ్ళీ 71 వేసి ఆ ఎత్తు ఎక్కే ధైర్యం నాకు లేదు. వేరేది వెయ్యడానికి లేదు. టార్పాలిను మళ్ళీ కప్పేస్తాను.

ఇట్లు,
మీ బావమరిది


మార్చి 16

ఒరే,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటి మూడుసార్లు కోపంతో, నాలుగోసారి కుడి కంటితో.

నేను పంపినవి నువ్వు బిగించలేదా?

పదకొండేళ్ళుగా నేననుకుంటున్నదేమిటో తెలుసా? ఆ పొద్దున వాకిట్లో నిలబడి, అందరి ముందూ "నీ చచ్చు సరుకు వల్లే నేను అక్కయ్యని చూడలేకపోయాను" అన్నావు. నేను పంపినది బిగించుకుని వస్తే, అది దారిలో మూసుకుపోయి బండి కాగిందనుకున్నాను. నోరు జారి "బస్సెక్కి ఏడిస్తే వచ్చేవాడివి" అన్నాను. నువ్వు వెనక్కి తిరిగి వెళ్ళిపోయావు. ఆ రోజు నుంచి, ఏ బండికి థర్మోస్టాట్ బిగించినా, బోల్టు చివరి చుట్టు తిప్పేటప్పుడు నా చెయ్యి ఆగుతుంది. మనిషి ఆఖరి చూపుకి అడ్డం పడింది నా చేతి వస్తువే అనుకుంటూ బతికాను. నువ్వు దాన్ని చెత్తబుట్టలో పడేసి, కొట్లో ఏదో కొనుక్కుని, నన్ను దోషిని చేసి పోయావు!

చచ్చు సరుకట! ఒరే, నీకు చచ్చు సరుకు అంటగట్టాలంటే మీ నాన్న నాకు అంటగట్టిన ఆ ఇత్తడి గోడగడియారం ఉంది, దాన్నే పంపేవాణ్ణి.

ఇవాళ అరలోంచి 95ది ఒకటి తీశాను. పంపిన ఆ మూడిటి తోబుట్టువే, ఒకే పెట్టెలోది. గిన్నెలో వేశాను. దర్జీని సాక్షిగా నిలబెట్టాను. నీళ్ళు తెర్లాక గోరు మందాన తెరుచుకుంది. "తెరుచుకుందండీ" అని అతను పైకి చెప్పాడు కూడా. దాన్నే ఈ ఉత్తరంతో వ్యాను డ్రైవరుకి ఇచ్చి పంపుతున్నాను. మరిగించు. కళ్ళజోడు పెట్టుకుని చూడు.

నీ బావ


మార్చి 20

బావగారికి,

పార్సిల్ అందింది. కళ్ళజోడు పెట్టుకునే చూశాను. తెరుచుకోలేదు.

మీరు అబద్ధమాడుతున్నారని ఈసారి అనలేకపోతున్నాను. సాక్షికి దర్జీని నిలబెట్టారని చదివి నవ్వొచ్చింది. అబద్ధమాడేవాడు అంత శ్రమ పడడు. నేనూ అబద్ధం చెప్పడం లేదు. నా సాక్షి పక్కింటి ఫొటోగ్రాఫరు. ఫిల్ము కడిగే నీళ్ళు చూసుకునే గాజు థర్మామీటరు ఒకటి ఆయన దగ్గర ఉంది. స్టవ్వు సరిగ్గా మండడం లేదేమో చూద్దామని దాన్ని గిన్నెలో ముంచాడు. నీళ్ళు గిన్నెలోంచి ఎగిరి పడుతున్నాయి, థర్మామీటరు మాత్రం తొంభై రెండు దాటలేదు. మంట పెంచాం. తొంభై రెండే. నీళ్ళు మార్చాం. తొంభై రెండే. ఆయన పాపం సిగ్గుపడి, "పాతదండీ, ఇదీ చచ్చినట్టుంది" అని దులిపి జేబులో పెట్టుకున్నాడు.

ఇంతమంది ఒకేసారి చచ్చారంటే నమ్మబుద్ధి కావడం లేదు. తప్పు ఎక్కడో పడింది. ప్రూఫులో అయితే పట్టుకునేవాణ్ణి.

మీరు పంపినది దాచి ఉంచాను. పారెయ్యలేదు.

మీ చేతి సంగతి రాశారు. నాకు తెలీదు బావగారూ.

ఇట్లు,
మీ బావమరిది


మార్చి 24

ఒరే నాయనా,

ఆ ఫొటోగ్రాఫరుకి నా తరఫున క్షమాపణ చెప్పు. ఆయన థర్మామీటరు చావలేదు. నువ్వు మరిగించినవాటిలో ఒక్కటీ చావలేదు.

నేను బడికి పోలేదని నీకు తెలుసు. నా చదువంతా తూకానికి కొన్న పాత పుస్తకాల్లోదే, అందులోనూ సగం పేజీలే. నీ ఉత్తరం చదివాక అటకెక్కి, అట్ట లేని సైన్సు పుస్తకం ఒకటి దింపాను. అందులో ఉందిరా. నీళ్ళు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయనేది కిందున్న ఊళ్ళ మాట. పైకెక్కే కొద్దీ గాలి పలచబడుతుంది, నీళ్ళు ముందే మరిగిపోతాయి. మీ కొండ మీద తొంభై రెండుకే తెర్లుతాయి. ఆ తర్వాత నువ్వు సాయంత్రం దాకా మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. తొంభై ఐదు దగ్గర తెరుచుకోవలసినది తొంభై రెండులో ఎలా నోరు తెరుస్తుంది? వాటి పని అవి సక్రమంగా చేశాయి. మాట తప్పింది నా సూత్రం. నలభై ఏళ్ళు నన్ను మోసం చెయ్యలేదని గొప్పగా రాశాను గదా. అది నిన్ను మోసం చేసింది. నువ్వు నా మాటకి ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా చేశావు, అదీ నీ తప్పు.

ఇంకో మాట. ఇంజనులో నీళ్ళు మూత బిగించిన పాత్రలో ఉన్నట్టుంటాయి. రేడియేటర్ మూత ఒత్తిడిని బయటికి పోనివ్వదు గనక, కొండ మీదయినా అవి తొంభై ఐదు దాటి కాగుతాయి, మరగవు. అంటే ఆ మూడిట్లో ఏది బిగించినా తెరుచుకునేది. నువ్వు వేళకి చేరేవాడివి. ఇది నీకు రాయకుండా ఉండొచ్చు. కానీ మన మధ్య రాయకుండా ఉంచింది చాలానే పోగుపడింది.

ఇప్పుడు ఆ 71 సంగతి. దాన్ని తిప్పి కింద చూడు. కంపెనీదానికి అడుగున స్ప్రింగు చివర పావలా బిళ్ళంత రేకు పాదం ఉంటుంది. పైతలుపు తెరుచుకోగానే ఆ పాదం కిందికి దిగి, వేడినీళ్ళు రేడియేటర్‌కి వెళ్ళకుండా తిరిగి ఇంజనులోకే పోయే అడ్డదారిని మూస్తుంది. నీ 71కి ఆ పాదం లేదని పందెం. అది వేరే ఇంజనుకి చేసినది. పైతలుపు తెరిచినా కింద అడ్డదారి తెరిచే ఉంటుంది, సగం నీళ్ళు చల్లబడకుండానే చుట్టూ తిరుగుతాయి. చదును రోడ్డు మీద తెలీదు. ఎత్తులో ప్రాణం తీస్తుంది. థర్మోస్టాట్ ఎంచుకునేటప్పుడు అందరూ నెత్తి మీది అంకె చూస్తారు, కాళ్ళు చూడరు.

అందుకని 82ది పంపుతున్నాను. పాదం ఉన్నది, కంపెనీదానితో పక్కపక్కన పెట్టి పొడవు కొలిచినది. 95 అయినా సరిపోతుంది. కానీ మిడత ముసలిది, రేడియేటర్ సందులో పదకొండేళ్ళ మట్టి ఉంటుంది. తలుపు కాస్త ముందు తెరుచుకుంటే దానికీ హాయి, వేడి చూపే ముల్లు వంక చూస్తూ తోలే నీకూ హాయి. మీ గిన్నెలో కూడా తెరుచుకుంటుంది. నా మాట మీద నమ్మకం లేకపోతే మరిగించుకో.

ఈ నీళ్ళ సంగతి మీ అక్క నాకు ముందే చెప్పింది. ఒకసారి మీ ఇంట్లో నెల్లాళ్ళుండి వచ్చి, "తమ్ముడింట్లో బంగాళాదుంపలు ఎంతకీ ఉడకవండీ. ఆ కొండ మీద నీళ్ళకి బద్ధకం" అంది. నేను పగలబడి నవ్వి, "నీళ్ళకి కాదు, మీ పుట్టింటివాళ్ళకి" అన్నాను. విని ఉంటే సరిపోయేది. ఆవిడ మాట అలా ఎన్నిసార్లు నవ్వులో కొట్టేశానో లెక్క లేదు.

ఆఖరున ఒకటి. ఆ రోజు అక్కయ్య ఏమైనా అందా అని వాకిట్లో నువ్వు అడిగావు. ఏమీ అనలేదన్నాను. కోపంలో అన్నాను, తర్వాత దిద్దుకోలేదు. అంది. కిటికీ వైపు చూసి, "బండి కాగి ఉంటుంది, వాడికి నీళ్ళు దొరికాయో లేదో" అంది. ఆలస్యమైందని నిన్నొక్క మాట అనలేదు. ఇంతకాలం నా దగ్గరే ఉంచేసుకున్నాను. నీది నీకు ఇచ్చేస్తున్నాను.

ముప్పై ఒకటిన పలకలు వేస్తారు. ఈసారి ఊరికే రాయలేదు.

నీ బావ


మార్చి 30

బావా,

'మీరు' రాయడానికి చెయ్యి రావడం లేదు.

నది దాటి, ఎత్తు సగం ఎక్కి, ఆ కల్వర్టు మీదే కూర్చుని రాస్తున్నాను. కంగారు పడకు. మిడత ఆగలేదు, నేనే ఆపాను. ముల్లు సగం దగ్గర నిలబడి కదలనంటోంది. దాన్ని చూసీ చూసీ నా కళ్ళే కాగాయి.

నువ్వు పంపినది మొన్న బిగించాను. మరిగించలేదు. ఫొటోగ్రాఫరు థర్మామీటరు పట్టుకుని ఆశగా వచ్చాడు. ఈసారికి వద్దన్నాను. ఆ 71ని తిప్పి చూశాను. నువ్వన్నట్టే, పాదం లేదు. అన్నేళ్ళు అక్షరం అక్షరం చూసి బతికినవాణ్ణి, దాన్ని ఒక్కసారి తిరగేసి చూడలేదు.

పాత అలవాటు కొద్దీ రెండు డబ్బాల నీళ్ళు తెచ్చాను. మిడతకి అవసరం పడలేదు. ఇందాక ఇక్కడే ఒక లారీ ఆవిరి కక్కుతూ నిలబడింది, ఒక డబ్బా ఆ డ్రైవరుకి ఇచ్చాను. "మీ బండి కాగలేదాండీ, ఇంత పాతది?" అని అడిగాడు. "మా బావ మెకానిక్కు" అన్నాను. ఆ మాట అని ఎన్నాళ్ళయిందో.

ఆ రోజు నాకు నీళ్ళు దొరికాయి బావా. ఈ మలుపు పైన రోడ్డు పనివాళ్ళ గుడిసె ఒకటి ఉండేది. అందులోంచి ఒకావిడ బిందె తెచ్చి, నేను అడక్కుండానే రేడియేటర్‌లో పోసింది. మిగిలినవి నా మొహం మీద కొట్టింది. "ఎవరికోసమయ్యా ఇంత తొందర?" అంది. "మా అక్క కోసం" అన్నాను. రెండు సార్లు నింపి ఇచ్చింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన మనిషి లేదనుకున్నాను. అక్కయ్య ఆ మాట అడిగి వెళ్ళిందని ఇప్పుడు తెలిసింది. అందుకని జవాబు రాస్తున్నాను. గుడిసె ఇప్పుడు లేదు. రెండో డబ్బా నీళ్ళు అది ఉన్న చోట పోశాను.

కల్వర్టు దాటాక కొట్టు పక్కన పోస్టు డబ్బా కనబడుతోంది. దీన్ని అందులో వేస్తాను. నేను సాయంత్రానికి నీ గొయ్యి మీద ఉంటాను, ఈ ఉత్తరం వచ్చేసరికి రెండు రోజులు పడుతుంది. పలకలు ఒక్క రోజు ఆపమని దర్జీని ఎలాగూ నేనే బతిమాలుకుంటాను. పోస్టు మనిషి వచ్చేటప్పటికి మనం ఆ మూడు కాళ్ళ కుర్చీ దగ్గరే కూర్చుని ఏదో ఒకటి అనుకుంటూ ఉంటాం. నీ ఎడమ కన్ను సరిగ్గా లేదని వంక పెట్టి నన్ను చదవమంటావు. చదవను. కుడి కంటితో నువ్వే చదువు, పైకి చదువు. నీళ్ళు దొరికాయన్న దగ్గర కాస్త గట్టిగా చదువు.

నీ బావమరిది